సంధి కుదరని చోట



నా నుండి పద్యమో, ప్రబంధమో, కనీసం ఒక వ్యాకరణ చర్చో ఆశించి వచ్చే మీకు ఈసారి నల్లా గొట్టం గూర్చి చెప్పబోతున్నాను. ముప్పది నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న వానికి ఈ గొట్టాల గొడవ ఏల అని మీరు నవ్వుకొనవచ్చు. కాని గత వేసవిలో మా అమ్మ ఇంటి ముంగిట కారిన ఒక నీటిచుక్క, నాకు రెండు పాఠాలు చెప్పింది. ఒకటి గొట్టాలను గూర్చి, రెండవది నన్ను గూర్చి. రెండవది చెప్పుకొనడం కొంచెం కష్టం. అయినా చెబుతాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. ఆ పేరు వినగానే మీలో చాలామందికి ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. రాతిపొరలలోని ఖనిజాల నుండి భూగర్భజలంలోకి ఫ్లోరైడు కరిగి వస్తుంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రాము చాలునని, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని చెబుతుంది. మా చేదబావులకు, బోరింగులకు ఈ లెక్కలు తెలియవు. మా తరం వారి పళ్లమీద గోధుమ రంగు చారలు, మా తల్లుల వంగిన నడుములు, ముడుచుకొనని మోకాళ్లు ఆ నీటి సంతకాలు. నీటి నుండి ఫ్లోరైడును పటికతో, సున్నంతో తొలగించే పద్ధతిని నాగపూరు లోని నీరి సంస్థవారు రూపొందించినప్పుడు, దానికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. ఒక ఊరికి కీర్తి ఎన్ని రకాలుగా వస్తుందో చూడండి.

కృష్ణమ్మ మా జిల్లా దక్షిణపు అంచునే పారుతుంది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలలోకి నీరు వదిలారు. ఆ నీరు పల్లంలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను పచ్చగా చేసింది. మెట్టమీద ఉన్న మాకు మాత్రం ఎక్కలేదు. 2004లో హైదరాబాదు దాహం తీర్చడానికి కృష్ణాజలాలు పెద్ద గొట్టాలలో మా పొరుగు మండలాల మీదుగా సాగిపోయాయి. ఆ గొట్టాల జాడ వెంట మా ఆడవాళ్లు తలపై బిందెలతో బోరింగుకు నడిచారు. చివరకు 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాను ఆవిష్కరణ జరిగింది. ఆ తరువాత కొన్నేళ్లకు మా అమ్మ వాకిట్లోకి ఒక నీలిరంగు గొట్టం, దాని చివర ఒక నల్లా వచ్చాయి. అప్పటికే అమ్మ నడుము వంగిపోయి ఉంది. ఎముకలో చేరిన ఫ్లోరైడు చేసిన చెరుపు వెనుకకు మరలదని వైద్యులు చెప్పనే చెప్పారు. అయినా ఆ నల్లా విప్పిన మొదటి రోజు ఆమె దోసిట పట్టి తాగి, "తియ్యగున్నయ్ బిడ్డా" అన్నది. ఆమె ఇప్పుడు ఎనభై నాలుగేళ్ల మనిషి.

ఆ నల్లాయే గత వేసవిలో కారడం మొదలుపెట్టింది. నల్లా నోటి నుండి కాదు. గొట్టపు మలుపులోకి నల్లాను మరబిగించిన చోట, క్షణానికొక చుక్క చొప్పున.

నేను నల్లగొండ నుండి వెళ్లేసరికి అమ్మ దాని కింద ఒక సత్తుగిన్నె పెట్టింది. నిండగానే తులసికి పోసి మళ్లీ పెడుతున్నది. రాత్రిళ్లు కూడా లేచి చూస్తున్నదట. "చుక్కేగదమ్మా, పోనియ్యరాదూ" అన్నాను. ఆమె నావైపు చూచి, "ఈ సుక్క కోసమే గద బిడ్డా నా నడుము గిట్లయింది" అన్నది. మరి నేను మాట్లాడలేదు. ఆ రాత్రి కూర్చొని లెక్క వేశాను. సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొంటే, క్షణానికొక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. అంటే నాలుగు లీటర్లకు పైమాటే. ఏడాదికి పదిహేను వందల లీటర్లు దాటుతుంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అనేది భగీరథ లెక్క. అనగా ఒక మనిషికి పదిహేను రోజుల నీరు, ఆ మరల సందులోంచి ఏటా మట్టిపాలు.

మరునాడు ఉదయం నేనే బాగుచేద్దామని పూనుకొన్నాను. అంగడిలో పది రూపాయలకు తెల్ల టేపు కొన్నాను. నల్లా విప్పి, మరలమీద టేపు చుట్టి, తిరిగి బిగించాను. ఇదివరకు చుక్కచుక్కగా కారినది ఈసారి ధారగా కారింది. విప్పి చూస్తే టేపంతా పోగులు పోగులుగా వెనక్కు లేచి ఉంది. మళ్లీ చుట్టాను. ఈసారి పానా పెట్టి బలంకొద్దీ తిప్పాను. 'టప్' మని ఒక చప్పుడు. ప్లాస్టిక్ మలుపు నిలువునా పగిలింది. గుడ్డపీలికలు కట్టాను, రెండు ముద్దలు కలిపి పూసే మందు పూశాను. తడిమీద అది అంటలేదు, అంటినది నీటి ఒత్తిడికి ఊడింది. చివరకు వీధిలోని వాల్వు కట్టివేయవలసి వచ్చింది. మా ఇంటితోపాటు ఇంకో ఐదిళ్లకు నీరు ఆగింది. ఆ సాయంత్రం మా అమ్మ ఏమీ అనకుండా బిందె తీసి, కర్ర ఊతంగా బోరింగు వైపు బయలుదేరింది. నేను పరుగెత్తి బిందె అందుకొన్నాను. బోరింగు కొడుతుంటే నాకు సిగ్గు వేసింది. ఎన్ని ఏళ్ల తరువాత వచ్చిన నీరు! ఒక్క పూటలో నా చేతులతో నేనే ఆపాను.

ఆ బోరింగు వద్ద మరొకటి గుర్తుకు వచ్చింది. మా చిన్నతనంలో తెల్లవారగానే ఎంత కొట్టినా మొదట నీరు వచ్చేది కాదు. "నీళ్లు నిద్రపోతున్నయ్, లేపాలె" అని మా పెద్దవాళ్లు అనేవారు. చేతిపంపుల లోపల పది అడుగుల ఇనుప గొట్టాలను ఒకదానికొకటి మరబిగించి దించుతారు. ఆ అతుకులలో ఒకటి కారినా, అడుగున ఉండే కవాటం సరిగా మూయకపోయినా, రాత్రంతా నీరు మెల్లగా లోపలికే జారిపోయి గొట్టం ఖాళీ అవుతుంది. పొద్దున్నే ఆడవాళ్లు కొట్టే ఆ మొదటి ముప్పై నలభై దెబ్బలు, ఒక వదులు అతుకుకు చెల్లించే సుంకమన్నమాట. నీరు నిద్రపోలేదు. ఎవరో మరను సరిగా బిగించలేదు. ఈ సంగతి నాకు అరవై దాటాక తెలిసింది.

చెప్పినవాడు నా పూర్వవిద్యార్థి. మా మండలంలోని ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి వరకు చదివి, 1998 ప్రాంతంలో బడి మానివేసిన పిల్లవాడు. ఇప్పుడు నలభై దాటినవాడు, ఊరూర నల్లాల పని చేస్తాడు. ఎవరో చెబితే మరునాడు తనంత తానే వచ్చాడు. నన్ను చూచి చెప్పులు విడిచి, "సార్, నమస్తే. బాగున్నరా?" అన్నాడు. నేను వాణ్ణి వెంటనే పోల్చుకొన్నాను. పోల్చుకొనడానికి ఒక కారణం ఉన్నది. అది చివర చెబుతాను.

వాడు పగిలిన మలుపును చూచి, నేను చుట్టిన టేపును చూచి, మెల్లగా నవ్వాడు. "ఉల్టా చుట్టిండ్రు సార్." అప్పుడు వాడు నాకు పాఠం మొదలుపెట్టాడు. నేను వాకిట్లో పీట వేసుకొని శ్రద్ధగా విన్నాను. అది మీకూ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మరలను మావైపు పనివారు 'చుడీలు' అంటారు. మగ మర ఆడ మరలోకి ఎంత బిగుతుగా దిగినా, ఒకదాని శిఖరానికి మరొకదాని లోయకు నడుమ సన్నని సందు మిగులుతుంది. ఆ సందు మెట్లబావి మెట్ల వలె చుట్టూ తిరుగుతూ లోపలి నుండి బయటికి ఒక దారి అవుతుంది. నీరు ఆ మెట్లెక్కి వస్తుంది. అందుకే ఇనుప గొట్టాల మరలను కొనవైపు సన్నగా కోస్తారు. పదహారు మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు వ్యాసం తగ్గేటట్లు. తిప్పినకొద్దీ మేకువలె బిగుసుకొంటుంది. మన గొట్టాలమీది ఈ మరల ఆకృతి 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర నుండి వచ్చింది. పంటికి పంటికి నడుమ 55 డిగ్రీల కోణం, అర అంగుళం గొట్టానికి అంగుళానికి 14 పళ్లు. అమెరికావారి గొట్టపు మరకు 60 డిగ్రీలు. అక్కడి నుండి బంధువులు తెచ్చిన నల్లా ఇక్కడి గొట్టానికి ఎక్కినట్లే ఎక్కి కారుతుందని అమెరికాలోని మిత్రులు గమనింతురు గాక.

కాని నల్లాల మరలు చాలావరకు కొన సన్నగా ఉండక, ఆసాంతం ఒకే లావుగా ఉంటాయి. వాటికి మేకు బిగువు ఉండదు. వాటి భారమంతా నడుమ చేర్చే పదార్థానిదే. ఆ పదార్థాన్ని చుట్టే తీరు ఇది. మర కొన మన ముఖంవైపు ఉండేటట్లు పట్టుకొని, గడియారపు ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. అప్పుడు నల్లా బిగిస్తున్నకొద్దీ టేపు మరింతగా హత్తుకొంటుంది. ఎడమకు చుడితే బిగించేటప్పుడు అదే ఊడివస్తుంది. మొదటి పన్ను విడిచిపెట్టాలి, లేకుంటే పీలికలు తెగి నీటిలో పడి నల్లాకు అడ్డం పడతాయి. సాగదీస్తూ, మర పళ్లు టేపులోంచి అచ్చుపడి కనిపించేటట్లు చుట్టాలి. పలుచని టేపయితే అయిదారు చుట్లు. ఒకసారి బిగించాక, నల్లా ముఖం నేరుగా లేదని వెనక్కు తిప్పరాదు. తిప్పితే టేపు తెగి కారుతుంది. విప్పి, తుడిచి, కొత్తగా చుట్టవలసిందే. ప్లాస్టిక్ ఆడ మరలోకి ఇత్తడి మగ మరను బిగించేటప్పుడు చేతితో బిగించి, ఆపై పానాతో ఒక చుట్టో ఒకటిన్నరో. ఇనుముమీద చూపే బలం ప్లాస్టిక్‌మీద చూపరాదు. వాడు పగిలిన మలుపును కోసివేసి, లోపల ఇత్తడి మర పొదిగిన కొత్త మలుపును జిగురుతో అతికించాడు. జిగురు ఆరడానికి సాయంత్రం దాకా నీరు వదలవద్దన్నాడు.

"మా ఉస్తాద్ దగ్గర నేర్చినప్పుడు టేపు లేదు సార్. నూలుదారం, సఫేదా" అన్నాడు. మరలమీద నూలో, జనపనారో చుట్టి, నూనెలో నూరిన తెల్లని సఫేదా పూసి బిగించేవారు. తడిసినకొద్దీ నార ఉబ్బి సందు మూస్తుంది. అది మంచి పద్ధతే. కాని పాతకాలపు సఫేదా సీసం నుండి చేసినది. ఆంగ్లంలో ఈ పనివానిని 'ప్లంబర్' అనడమే లాటిన్‌లో సీసానికి 'ప్లంబమ్' అని పేరు కావడంవల్ల వచ్చింది. సీసం నెత్తురులో చేరితే పిల్లల బుద్ధికి కీడు. కనుక తాగునీటి గొట్టానికి సీసం ఉన్న సఫేదా కూడదు, డబ్బామీద చూచి కొనవలెను.

తెల్ల టేపు కథ వేరు. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్, శీతలీకరణ వాయువులమీద పరిశోధిస్తూ ఒక సిలిండరు తెరిచాడు. లోపల వాయువుకు బదులు జారుడుగా ఉన్న తెల్లని పొడి కనిపించింది. అదే టెఫ్లాన్. దేనికీ అంటదు, దేనితోనూ కలవదు. ఇది చదివినప్పుడు నేను ఒక క్షణం ఆగిపోయాను. టెఫ్లాన్ అంటే కర్బనం, ఫ్లోరిన్. మా అమ్మ నడుము వంచిన ఫ్లోరైడులోనిదీ ఆ మూలకమే. నీటిలో విడిగా కరిగితే అది ఎముకలో చేరి మనిషిని బిగదీస్తుంది. కర్బనంతో గట్టిగా ముడివడినప్పుడు ఎక్కడికీ పోక, మంచినీటికి కాపలా కాస్తుంది. దోషం వస్తువులో కాక అది ఉన్న తీరులో ఉంటుందని పెద్దలు అనేది ఇందుకేనేమో.

ఇంకొక మాట చెప్పాడు, అది నన్ను భయపెట్టింది. "నీళ్లు కారుడు ఒక్కటే కాదు సార్. నల్లా బందైనంక పైపుల గాలి లోపల్కి గుంజుతది. అతుకు మోరీల ఉంటే మోరీ నీళ్లు గుంజుతది." మనకు నీరు రోజంతా రాదు, వేళకు వస్తుంది, వేళకు ఆగుతుంది. ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, కారే సందు పీల్చే సందు అవుతుంది. వానాకాలంలో ఊరంతా ఒక్కసారి వాంతులు విరేచనాలతో మంచం పట్టడానికి ఇటువంటి సందులూ కారణమవుతాయి. చుక్కే కదా అన్న నా మాట ఎంత తెలివితక్కువదో అప్పుడు తెలిసింది.

ఇక మొదట దాచిన సంగతి. 1998లో ఒకనాడు నేను వాణ్ణి నిలబెట్టి సంధి అంటే ఏమిటని అడిగాను. చెప్పలేకపోయాడు. నేను చిన్నయసూరి సూత్రం చదివాను, వాడు వెర్రిగా చూశాడు. తరగతి యావత్తు నవ్వేటట్లు, "నీకు సంధి కుదరదు, చదువూ కుదరదు, వెళ్లి గొట్టాలు మోసుకో" అన్నాను. ఆ నెలలోనే వాడు బడి మానివేశాడు. నా మాటవల్లనో, ఇంటి పరిస్థితులవల్లనో నేను అడగలేదు. నాకు మాత్రం ఆ మాట మరపు రాలేదు. గొట్టాలు మోయడం తక్కువ పని అని నాకు ఎవరు చెప్పారు? నా తల్లి నోటికి మంచినీరు అందించేది సూత్రమా, గొట్టమా?

సాయంత్రం జిగురు ఆరేదాకా వాకిట్లో కూర్చున్నాము. వాడు సంకోచిస్తూ, "మా బిడ్డ పదో తరగతి సార్. తెలుగుల సంధులే సమజ్ గావంటది" అన్నాడు. నేను చేతిలోకి రెండు గొట్టపుముక్కలు తీసుకొన్నాను. "చూడు నాయనా. రాముడు, అతడు. 'రాముడు'లోని చివరి ఉకారం తొలగి, 'అతడు'లోని అకారం ఆ చోటికి వచ్చి 'రాముడతడు' అయింది. ఇది నీవు జిగురుతో అతికించినట్లు, ఇక విడదీయరానిది. దీనిని సంధి అంటారు. కొన్నిచోట్ల రెండు అచ్చులూ పట్టుపట్టి కలవవు. మా, అమ్మ. నడుమ సందు మిగులుతుంది. అప్పుడు ఒక 'య' వచ్చి ఆ సందులో కూర్చుంటుంది. మాయమ్మ. దీనిని యడాగమం అంటారు. ఆగమం మిత్రునివలె వస్తుందని, ఉన్నదాన్ని తీయకుండా నడుమ చేరుతుందని మా గురువులు చెప్పేవారు. నీ టేపు ఉన్నదే, అది ఆగమం."

వాడు చాలాసేపు ఆ రెండు ముక్కలను కలిపి, విడదీసి చూశాడు. ముఖం వెలిగింది. తరువాత ఏ కోపమూ లేకుండా, నిజంగా తెలుసుకొనగోరి అడిగాడు: "గింత అల్కగ ఉన్నదాన్ని గప్పుడు గిట్ల చెప్పకపోతిరేంది సార్?"

నా వద్ద సమాధానం లేదు. పండిత శిక్షణలో సూత్రం నేర్పారు, సూత్రం వల్లించాను. ఎదుటివాని చేతిలో ఏ వస్తువు ఉన్నదో ఎన్నడూ చూడలేదు. పిల్లవానికీ పాఠానికీ నడుమ సందు ఉంటే, ఆ సందులో కూర్చొనవలసినవాడే ఉపాధ్యాయుడు. నేను మాత్రం పానా పట్టుకొని బలంకొద్దీ తిప్పాను. "తప్పు నాదే నాయనా" అన్నాను. వాడు కంగారుపడి, "అట్లనకుండ్రి సార్" అన్నాడు. కూలి తీసుకొననని మొండికేస్తే, వాడి బిడ్డకు ప్రతి ఆదివారం ఫోనులో తెలుగు చెప్పే షరతుమీద, సామాను ఖర్చూ కూలీ రెండూ తీసుకొన్నాడు. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తున్నది.

ఆ రాత్రి వీధివాల్వు విప్పారు. నల్లా కారలేదు. అయినా అమ్మ నమ్మక, పడుకొనేముందు సత్తుగిన్నెను దాని కింద పెట్టింది. తెల్లవారి చూస్తే గిన్నె పొడిగా ఉన్నది. ఎండిన గిన్నెను చూచి మా ఇంట్లో సంతోషించడం, నాకు తెలిసి, అదే మొదలు.

మిత్రులు ఒకసారి తమ ఇంటి నల్లాల వద్ద, గోడ మూలల్లో, మీటరు పక్కన చేయిపెట్టి తడి చూడగలరు. తడి తగిలితే టేపు ఏ దిక్కున చుట్టవలెనో ఇప్పుడు మీకు తెలుసు.

సెలవు.